ఉత్త చేతులతోని బాలమ్మ

బాబుపేట్ల తెలుగు మందిరం యాడున్నదంటె చెప్తరో లేదో గని, బాలమ్మ ఇల్లేదంటె ఆటోవాళ్లు సుత చెప్తరు. ఆ ఇంటి ముంగట ఆగినోడు తినకుండ కదిలిండంటె అబద్ధమే. కరెంటు బిల్లు ఇయ్యవచ్చినోడికి గారెలు, గ్యాసు బండ తెచ్చినోడికి బగార అన్నం. ఒకపారి తోవ తప్పి వచ్చిన పెండ్లోళ్లను కూసోబెట్టి కడుపునిండ తినిపిచ్చి, అటెన్క అసలింటికి తోవ చూపిచ్చింది. పాపం, వాళ్లు పెండ్లింట్ల విస్తరి ముంగట తేన్పులు తీసుకుంట కూసున్నరట.

మందిరంల అనంతరావు పాస్టరుకు బాలమ్మతోని పెద్ద ఆసరా. అతిథులను ఆదరించుడు మీద వాక్యం చెప్పాల్నంటె ఆయన ఉదాహరణ కోసం ఎతుక్కునే పనే లేదు. ఆ ఆదివారం అబ్రాహామును ఎత్తుకున్నడు. "ముసలాయన! మిట్టమధ్యాహ్నం ఎండ! ముగ్గురు మనుషులు కనపడంగనె లేచి ఉరికిండు. రొట్టెలు చెయ్యిమన్నడు, దూడను కోయిచ్చిండు, వాళ్లు తింటుంటె పక్కపొంటి నిలబడ్డడు. ఇయ్యాల అట్లాంటోళ్లు ఉన్నరా అంటె, ఎందుకు లేరు, మన బాలమ్మక్క లేదా!" అందరు స్తోత్రం అన్నరు. బాలమ్మ కొంగు తలమీదికి గుంజుకొని సిగ్గుపడ్డట్టు చేసి, ఎవరెవరు చూస్తున్నరో ఓరకంట చూసుకున్నది.

ఆఖరుకు పాస్టరు, బుధవారం సాయంత్రం సత్తమ్మ ఇంట్ల ప్రార్థన ఉన్నది, అందరు రావాలె అన్నడు. అయితె మందిరంల చెప్పింది లెక్కకు రాదు. ప్రార్థన పెట్టుకున్నామె గడపగడపకు వచ్చి నోరార రమ్మని చెప్పాలె. చెప్పని ఇంటోళ్లు పోరు. తెలంగాణ నుంచి ఈ మరాఠీ గడ్డ మీది బొగ్గు గనులకు వచ్చిన పెద్దలప్పటి సంది నడుస్తున్న రివాజు అది.

సత్తమ్మ జాకెట్లు కుట్టుకొని బతికే ఒంటరి మనిషి. బాలమ్మది, ఆమెది ఒకటే గల్లి. సోమవారం పొద్దున సత్తమ్మ పిలుపులకు బయలెల్లింది. బాలమ్మ పొయ్యి మీద చాయ పెట్టుకొని గేటుకాడ నిలబడ్డది. సత్తమ్మ కుడిపక్క ఇంటికి పోయింది, నవ్వుకుంట మాట్లాడింది. ఎడమపక్క ఇంటికి పోయింది. నడుమల బాలమ్మ గేటు రాంగనె కొంగు సదురుకొని, మోరి కాలువ దాటి, అవతలి పక్కపొంటి నడుచుకుంట పోయింది.

"ఓయమ్మో! ఈమెకు కండ్లు కనపడుతలేవా? ఇంత ఇల్లు, ఇంత మనిషిని!" బాలమ్మకు కడుపు మండిపోయింది. "బాబుపేట్ల నన్ను పిలువకుండ ప్రార్థనా? నేనేం తక్కువ చేసిన ఆమెకు?"

పద్మాపూర్ గనిల పని చేసి రిటైరైన ఇస్తారి, ఆమె పెనిమిటి, గడ్డం గీసుకుంట అద్దంలకెల్లి చూసిండు. "తక్కువ చెయ్యలేదే. ఎక్కువ చేసినవ్. నీ బగార బకెట్టు యాదికున్నదా?"

ఎందుకుండదు? పోయినేడు సత్తమ్మ ఇంట్ల ప్రార్థనైతె, పాపం ఒక్కతె, ఏం చేస్తదో ఏమో అని బాలమ్మ బకెట్టు నిండ బగార అన్నం, గంజు నిండ కోడికూర మోసుకపోయింది. జనం ఎగబడి తిన్నరు. పాస్టరు చేతి ఏళ్లు నాకిండు. అంత మంచి పని చేసిన రోజు ఇంకోటి లేదని బాలమ్మ నమ్మకం.

"ఆ దినం సత్తమ్మ ఉప్మా చేసింది," అన్నడు ఇస్తారి. "నీ కోడికూర వాసన తగిలినంక ఎవ్వడు ముట్టలేదు. తెల్లారి చూసిన నేను, గంజెడు ఉప్మా ఎనకింటి మేకలకు పోసుకుంట కండ్లు తుడుసుకుంటున్నది."

బాలమ్మ ఆయన దిక్కు తిరిగింది. "అప్పుడే ఎందుకు చెప్పలేదయ్యా నాకు?"

"చెప్తె ఆ మేకలకు గూడ బగార పెడ్తవని చెప్పలే."

తిట్టుదామని నోరు తెరిచింది గని, సత్తమ్మ మేకల కాడ నిలబడి కండ్లు తుడుసుకునుడే కండ్లల్ల మెదిలింది. పొద్దంత మనసున పట్టలేదు. సాయంత్రం లేచి సత్తమ్మ ఇంటికి బయలెల్లింది. సగం తోవకు పోయినంక చూసుకుంటె చేతిల వంకాయకూర గిన్నె ఉన్నది! ఎప్పుడు పట్టుకున్నదో ఆమెకే ఎరుకలేదు. నాలిక కరుసుకొని ఎనుకకు ఉరికి, గిన్నె ఇంట్ల పెట్టి మళ్ల వచ్చింది. ఉత్త చేతులు ఎట్ల ఊపాల్నో తెల్వక కొంగుల సుట్టుకున్నది.

గడప కాడ బాలమ్మను చూసి గూడ సత్తమ్మ కుట్టు మిషిను ఆపలేదు.

"నన్ను పిలువవా చెల్లే?"

"పిలుద్దామనే ఉంటదక్కా. నిన్ను పిలిస్తె బకెట్టు గూడ వస్తది గదా."

"రాదు."

మిషిను ఆగింది. "ఉత్త చేతులతోని వస్తవా?"

"వస్త."

"నా పొయ్యికాడికి రావద్దు. గరిటె ముట్టద్దు. చాప మీద కూసోవాలె, అందరి లెక్క."

బాలమ్మ చేతులను కొంగుల ఇంకింత గట్టిగ సుట్టుకున్నది. "కూసుంట."

"అయితె రా అక్కా, బుధవారం మా ఇంట్ల ప్రార్థన," అన్నది సత్తమ్మ పద్ధతిగ. మొఖంల నమ్మకం మాత్రం లేదు.

బుధవారం బాలమ్మ ఇస్తారి ఎనుక నడుసుకుంట పోయింది. సత్తమ్మ ఇంటి యజమానురాలు మరాఠీ ఆమె, అరుగు మీద కూసొని బాలమ్మ చేతుల దిక్కు చూసి, "కాయ్ బాలమ్మా తాయీ, ఆజ్ బాదలీ నాహీ?" అన్నది. ఈమెకు గూడ బకెట్టే కావాలె! బాలమ్మ జవాబియ్యకుండ లోపలికి పోయి చాప మీద కూసున్నది.

ఒకటే అర్ర. మూలకు పాత చీర తెర కట్టి ఉన్నది, దాని అవతలనే పొయ్యి. పాట మొదలుకాంగనె తెర అవతల పోపు చిటపటలాడింది. ఆవాలు మాడుతున్నయ్. బాలమ్మ మోకాళ్లు వాటికవే లేవబోయినయ్. రెండు చేతులు తొడల కింద పెట్టుకొని వాటి మీద కూసున్నది. ఇస్తారి పక్కకెల్లి, "ప్రార్థన చేసుకో, ప్రార్థన," అని గొణిగిండు.

పాస్టరు జక్కయ్య కథ ఎత్తుకున్నడు. "మేడిచెట్టు ఎక్కినోన్ని ప్రభువు దిగుమన్నడు. ఎందుకు? ఇయ్యాల నీ ఇంట్ల ఉంటనన్నడు. ఐదువేల మందికి రొట్టెలు పెట్టినాయన, అయ్యా! జక్కయ్య ఇంటికి టిఫిన్ డబ్బా పట్టుకపోయిండా? పోలే. వాని ఇంటికి పోయిండు, వాడు సంతోషపడి చేర్చుకున్నడు. పెట్టుడొక్కటే ప్రేమ కాదు, ఒకరు పెడ్తె తినుడు గూడ ప్రేమే."

బాలమ్మ సర్రున ఇస్తారి దిక్కు తిరిగింది. అయ్యగారికి చెప్పింది నువ్వే గదా అన్నట్టు చూసింది. ఇస్తారి ఫ్యాను ఎట్ల తిరుగుతున్నదో ఎన్నడు చూడనోని లెక్క మీదికి చూస్తున్నడు.

అప్పుడే పాలు పొంగి పొయ్యిల పడ్డ వాసన. తెర అవతల గిన్నె దబ్బున కింద పడ్డది, సత్తమ్మ "అయ్యో" అన్నది. అందరు బాలమ్మ దిక్కే చూసిన్రు. లేస్తె సత్తమ్మకు ఈ జన్మల మళ్ల మొఖం చూపలేదు. కండ్లు గట్టిగ మూసుకొని, "ప్రభువా, నన్ను చాపకు అతికియ్యి," అని బయటికే అనేసింది. పాస్టరు ఆమెన్ అన్నడు.

ఆఖరుకు తెర జరిగింది. కాగితం పిలేట్లల్ల ఉప్మా. మళ్ల ఉప్మానే! సత్తమ్మ తెచ్చి బాలమ్మ ముంగట పెట్టి, పోకుండ అక్కడనే నిలబడ్డది. బాలమ్మ బుక్క నోట్లె పెట్టుకున్నది. ఉప్పు జెర ఎక్కువే. ఆవాలు మాడినయ్. ఎవరింటికి పోయినా వడ్డించుడే తప్ప కూసొని తిన్నది లేదు ఆమె. అట్లాంటిది పిలేటు ఊడ్సుకొని తిన్నది. అటెన్క పుట్టినప్పటి సంది పరాయి ఇంట్ల అనని మాట అన్నది.

"సత్తమ్మా, ఇంకింత పెట్టు."

ఇస్తారి చెయ్యి నోటికాడనే ఆగిపోయింది. సత్తమ్మ ఇంకింత పెట్టింది. బాలమ్మ అడిగిందంటె ఉత్తగ అడగదని పాస్టరు గూడ పిలేటు ముంగటికి చాపిండు. ఒకరిని చూసి ఒకరు మారడిగిన్రు. గరిటె గంజు అడుగుకు టంగుమని తాకింది.

"అగో, అయిపోయింది! నాకే మిగల్లేదు," అన్నది సత్తమ్మ, ఖాళీ గంజు అందరికి వంచి చూపిచ్చుకుంట. ఆమె మొఖం ఎలిగిపోతున్నది. అది చూస్తె బాలమ్మకు ఏడుపొచ్చింది. ఇన్నేండ్ల సంది తను మోసిన బకెట్లకు ఎందరి గంజులు నిండుగనే ఉండిపోయినయో!

సత్తమ్మ తినలేదనంగనె బాలమ్మ చెయ్యి ఊకుంటదా? తన పిలేట్లది ఒక బుక్క తీసి ఆమె నోటికాడికి లేపింది. లేపి, సగంల ఆగింది.

"పెట్టనా చెల్లే?" అన్నది మెల్లగ.

బాలమ్మ ఒకరిని అడిగి పెట్టుడు బాబుపేట్ల అదే మొదలు. సత్తమ్మ ఖాళీ గంజు చంకల పెట్టుకొని, కిలకిల నవ్వి, నోరు తెరిచింది.