ప్రవేశ తరగతి తలుపు

ప్రవేశ తరగతి గది మీదున్న బోర్డు దించాలి. నడవాలో నవ్వుతూ నిలబడ్డ రకరకాల విద్యార్థుల ఫొటోలు తీసి స్టోరులో పెట్టాలి. గోడ మీద వాటి మచ్చలు తెలియకుండా రంగు వేయించాలి. వెబ్‌సైటులో వైవిధ్యం గురించి ఉన్న పేరా తీసేసి, ఖాళీ కనబడకుండా అక్కడ లైబ్రరీ బొమ్మ పెట్టాలి. ప్రధాన ద్వారం మీద ‘ఇక్కడ అందరికీ చోటుంది’ అన్న అక్షరాలు గీకించెయ్యాలి. అతిథుల గదిలో పరదాలు ఉతికించాలి. పరిశీలనకి వస్తున్న సంఘం అధ్యక్షుడు వేడినీళ్ళు తప్ప ఏమీ ముట్టడట, ఫ్లాస్కు సిద్ధంగా ఉంచాలి.

ఇవన్నీ సోమవారంలోగా కావాలని వైస్ ఛాన్సలర్ చెబుతూంటే, అసిస్టెంట్ రిజిస్ట్రారు అలవాటు కొద్దీ జేబులోంచి కలం తీశాడు.

“కలం లోపల పెట్టవయ్యా,” అన్నారాయన. “పైవాళ్ళు మనకేమీ రాసి పంపలేదు. ఫోన్లో చెప్పారు. మనమూ నోటితోనే కానిద్దాం.”

“తీసెయ్యమన్నారా సార్?”

“తీసెయ్యమని ఎవరూ అనలేదు. ఉంటే చూడటానికి బాగుండదేమో అన్నారు.” ఆయన కిటికీ తలుపు దగ్గరికి వేసి గొంతు తగ్గించారు. “ఇంకో మాట. ప్రవేశ తరగతి ఉంచాలా మూసెయ్యాలా అన్నది ఈ సంఘం వాళ్ళే కళ్ళారా చూసి తేలుస్తారట. మూస్తే దాంతో పోదు. అందులో చదివి పై తరగతులకు వెళ్ళినవాళ్ళ సీట్లు కూడా తిరగదోడతారు. అందుకని మనసుకు తగిలేది ఏదైనా చూపించు. నువ్వు అక్కణ్ణుంచి వచ్చినవాడివే కదా.”

అతను అక్కణ్ణుంచి వచ్చినవాడే. అతన్ని యూనివర్సిటీలో అందరూ ‘లీడరు’ అంటారు. ప్రవేశ తరగతిలో చేరిన కొత్తలో డస్టరు తడిపి తెచ్చే పని తనంతట తాను నెత్తినేసుకుంటే, తోటివాళ్ళు వేళాకోళానికి పెట్టిన పేరది. ఉద్యోగం వచ్చినా, నుదుటి మీద జుట్టు పలచబడినా ఆ పేరు వదల్లేదు. వాళ్ళ నాన్న లారీలకు మూటలెత్తేవాడు. అక్క బట్టలు కుట్టి అతన్ని చదివించింది. ఇప్పుడు ఆ అక్క కూతురే ప్రవేశ తరగతి దాటి, డిగ్రీ మొదటి ఏడాది భౌతికశాస్త్రం చదువుతోంది. వైస్ ఛాన్సలర్ ‘సీట్లు తిరగదోడతారు’ అన్నప్పుడు లీడరు కళ్ళముందు మెదిలింది ఆ పిల్ల మొహమే.

ప్రవేశ తరగతి అంటే పెద్ద విషయమేమీ కాదు. ఇంట్లో ఎవరూ కాలేజీ గుమ్మం తొక్కనివాళ్ళకీ, ఇంట్లో మాట్లాడే భాష వేరైనవాళ్ళకీ, చూపు ఆననివాళ్ళకీ డిగ్రీకి ముందు ఒక ఏడాది పాటు చెప్పే చదువు. లావుపాటి పుస్తకాన్ని ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి, తెలియదని నలుగురిలో ఎలా అడగాలి, ప్రొఫెసరు గది తలుపు ఎలా తట్టాలి, అలాంటివి. ఏడాది కాగానే వాళ్ళు అందరితో పాటే ప్రవేశ పరీక్ష రాసి, అందరిలోనే కలిసిపోతారు. ఫలానావాడు ప్రవేశ తరగతి నుంచి వచ్చాడని ఆ తర్వాత ఏ కాగితం మీదా ఉండదు. అది పెద్ద టీచరు పట్టు. తరగతి మొదలైన నాటి నుంచీ దాన్ని నడుపుతున్నది ఆమే.

ఆమెకి ఇంకో పద్ధతి ఉంది. తరగతి మొదలయ్యే రోజున తలుపు గడియ పెట్టి, “మీ ఇంట్లో కాలేజీకి వచ్చిన మొదటి మనిషి మీరే అయితే లేచి నిలబడండి,” అంటుంది. ఒకరొకరే బెరుకు బెరుకుగా లేస్తారు. లేచి చుట్టూ చూసుకుంటే గది గదంతా నిలబడి ఉంటుంది. పెద్ద టీచరు కూడా. ఆమె తల్లి అచ్చుకూటంలో కాగితాలు మడిచేదట. కాసేపలా ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని కూర్చుంటారు. అంతే. ఆ రోజు బయటివాళ్ళెవరూ, ఆఖరికి డీన్ అయినా సరే, లోపలికి రాకూడదు.

లీడరుకి ఆ రోజు బాగా జ్ఞాపకం. అదే చూపిద్దామనుకున్నాడు.

అతను వెళ్ళేసరికి పెయింటరు నిచ్చెనెక్కి బోర్డు మేకులు ఊడదీస్తున్నాడు. పెద్ద టీచరు లోపల నల్లబల్ల తుడుస్తోంది.

“తలుపు తట్టి రావాలని నేర్పాను కదరా లీడరూ,” అంది వెనక్కి తిరక్కుండానే.

“తీసే ఉంది కదా టీచర్.”

“తీసున్నా తట్టాలి.” ఆమె ఇటు తిరిగింది. “సరే, ఏంటో చెప్పు. పెన్ను జేబులోంచి తియ్యలేదంటే ఏదో పెద్ద పనే.”

అతను చెప్పాడు. ఈ ఏడాది పిల్లలు ఒక్కళ్ళే కాదు, ఇప్పటిదాకా ఈ గదిలో చదివినవాళ్ళందరినీ పెద్ద హాలుకి పిలుద్దాం. సంఘం ముందు ఆమె అదే ప్రశ్న అడగాలి. అంతమంది ఒక్కసారి లేస్తే ఏ రాతిగుండె అయినా కరగక ఛస్తుందా అన్నాడు.

పెద్ద టీచరు డస్టరు పక్కన పెట్టింది.

“అది మనం తలుపు మూసుకుని చేసుకునేది నాయనా.”

“ఇప్పుడు తెరిస్తేనే మనకి దారి టీచర్. మనం ఇంతమందిమని వాళ్ళకి తెలియదు. తెలిస్తే మూసే ధైర్యం చెయ్యరు.”

“తెలుసుకున్నాక ఏం చేస్తారో నీకు తెలుసా?”

“మంచే చేస్తారండి. నన్ను నమ్మండి.”

ఆమె కిటికీ బయట పెయింటరు కాళ్ళకేసి చాలాసేపు చూసింది. “నువ్వు చెబుతున్నావు కాబట్టి,” అంది చివరికి.

సాయంత్రం అక్క కుట్టు దుకాణానికి వెళ్ళాడు. అక్క గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని ఎవరిదో కోటు కొలత సరిచేస్తోంది. బస్సు డ్రైవరు బావ డ్యూటీ దిగి, యూనిఫారం విప్పకుండానే బల్ల మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

“ఏం బావమరిదీ, ఆ సంఘం వాళ్ళు మా రూటు బస్సులో రారా?” అన్నాడు. “వస్తే చెప్పు. ఒక్క గుంత కూడా వదలకుండా తీసుకొస్తాను.”

“నీకు వేళాకోళంగానే ఉంటుంది బావా.”

“లేకపోతే ఏడవమంటావా? వాళ్ళు వచ్చేది చూడ్డానికని నువ్వంటున్నావు. మా డిపోకి చూడ్డానికని వచ్చిన ప్రతివాడూ నలుగురిని ఇంటికి పంపి పోయాడు.”

మేనకోడలు అంతదాకా పుస్తకంలోంచి తల ఎత్తలేదు. “మావయ్యా, నేను కూడా నిలబడాలా?”

“నువ్వు కాకపోతే ఎవరు నిలబడతారే?”

“ఇప్పుడు మా క్లాసులో నేను ప్రవేశ తరగతి నుంచి వచ్చానని ఎవరికీ తెలీదు.”

“తెలిస్తే ఏం? సిగ్గా?”

“సిగ్గు కాదు మావయ్యా. నన్నెవరూ విడిగా చూడట్లేదు. అది బాగుంది.”

అక్క నోట్లోంచి సూదులు తీసి డబ్బాలో వేసింది. “మావయ్య అంతలా చెబుతున్నాడు కదే, నిలబడు. వాడు మనకి చెడు చేస్తాడా?”

సోమవారం హాలు కిటకిటలాడింది. విద్యార్థులతో పాటు ఎప్పుడెప్పుడో చదివి వెళ్ళినవాళ్ళూ వచ్చారు. లైబ్రేరియన్, కెమిస్ట్రీ ల్యాబు టెక్నీషియను, హెల్త్ సెంటరు డాక్టరమ్మ, ఎప్పుడూ నవ్వని పరీక్షల కంట్రోలరు. కంట్రోలరు కూడా మనవాడేనా అని లీడరు ఆశ్చర్యపోయాడు. అతనికి కూర్చునే తీరిక లేదు. మైకు సరిచేస్తూ, సంఘం వాళ్ళకి కుర్చీలు జరుపుతూ, వేడినీళ్ళు అందిస్తూ వేదిక పక్కన కాలు కాలిన పిల్లిలా తిరిగాడు.

అధ్యక్షుడు పెద్దవయసు మనిషి, మెత్తని గొంతు. ప్రతివాళ్ళకీ తానే ముందు నమస్కారం పెట్టాడు. ఆయన వెనకాల ఒక సహాయకుడు కెమెరా మెడలో వేసుకుని నిలబడ్డాడు.

పెద్ద టీచరు మైకు దగ్గరికి వచ్చింది. ఓసారి తెరిచి ఉన్న హాలు తలుపుకేసి చూసి, తన ప్రశ్న అడిగింది.

ముందు వరసలో మేనకోడలు లేచింది. ఆ పక్కన ఇద్దరు. ఆపైన వరసలకి వరసలు. కుర్చీల చప్పుడు వాన వచ్చినట్టు హాలు వెనకదాకా సాగింది. కంట్రోలరు లేచి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. లీడరు చేతిలోని ఫ్లాస్కు కింద పెట్టాడు. మనం గెలిచాం అనుకున్నాడు.

అధ్యక్షుడు చప్పట్లు కొట్టాడు. “ఎంత బాగుంది,” అన్నాడు. “ఒక్క నిమిషం. దయచేసి అలాగే ఉండండి.”

సహాయకుడు కెమెరా తీసి మొదటి వరస చివర మొదలుపెట్టాడు. హాలంతా ఒక్కసారి చుట్టేయలేదు. ఒక్కొక్క మొహం దగ్గరా ఆగాడు, సరిగ్గా పడిందో లేదో చూసుకున్నాడు, తర్వాత పక్కకి జరిగాడు.

రెండో వరస సగానికి రాకముందే పెద్ద టీచరు మైకులో, “ఇంక కూర్చోండి,” అంది.

కొందరు వంగారు. కొందరు లీడరుకేసి చూశారు. పెద్దమనిషి అడిగాక మధ్యలో కూర్చుంటే ఏం మర్యాద అనుకున్నాడతను. చెయ్యెత్తి, ఉండండి ఉండండి అని సైగ చేశాడు. వంగినవాళ్ళు మళ్ళీ నిటారుగా నిలబడ్డారు. ఆఖరి వరస ఆఖరి మొహం అయ్యేదాకా ఎవరూ కదల్లేదు.

తర్వాత కొన్నాళ్ళు ఏ ఉత్తరమూ రాలేదు. ఫోన్లే వచ్చాయి. ల్యాబు టెక్నీషియనుకి కాంట్రాక్టు పొడిగించడం లేదని నోటిమాటగా చెప్పారు. డాక్టరమ్మ గది తాళం మార్చారు. పరీక్షల కంట్రోలరుని పక్క ఊరి గోడౌను లెక్కలకి వేశారు. నిలబడ్డ విద్యార్థులందరి సీట్లూ నిలిపివేసి, విచారణ పెట్టారు. అడ్డదారిన వచ్చినవాళ్ళని ఏరెయ్యాలట. ఎవరు ఎటునుంచి వచ్చారో మీకెలా తెలిసిందని వైస్ ఛాన్సలర్ ఫోన్లో అడిగితే, వాళ్ళంతట వాళ్ళే నిలబడి చెప్పారు కదా అని అవతలివైపు నవ్వారట.

“నువ్వు మాత్రం అందులో లేవు,” అన్నారాయన లీడరుతో. “కెమెరా తిరుగుతున్నంతసేపూ నువ్వు వేదిక పక్కనున్నావు. లేనట్టే ఉండు. విచారణలో మినిట్స్ నువ్వే రాయాలి.”

నెత్తిన పిడుగు పడ్డట్టయింది లీడరుకి. అక్క ఇంటికి వెళ్ళే ధైర్యం చాల్లేదు. అక్కే ఫోను చేసింది. తిట్టలేదు. “పిల్ల పుస్తకాలు తెరవట్లేదురా. నువ్వొచ్చి చెబితే వింటుందేమో,” అంది. అతను ఊఁ అన్నాడు, వెళ్ళలేదు.

విచారణ అతిథుల గదిలో జరిగింది. ఉతికిన పరదాలు వేసే ఉన్నాయి. మొదట పెద్ద టీచరుని పిలిచారు. గోడ మీద తెర దించి, హాల్లో తీసిన మొహాలు ఒక్కొక్కటీ వేస్తున్నారు.

“వీళ్ళంతా మీ తరగతిలో చదివినవాళ్ళే కదమ్మా?” అని మెత్తగా అడిగాడు అధ్యక్షుడు.

“కాదండి,” అంది పెద్ద టీచరు.

లీడరు కలం ఆగింది.

“హాలు నిండుగా కనబడాలని దొరికినవాళ్ళందరినీ పిలిపించాను. నేను ప్రశ్న అడగ్గానే లేవండి, వచ్చినవాళ్ళకి మంచి చూపించాలి అని చెప్పాను. నా మాట కాదనలేక లేచారు. అందులో నా పిల్లలెవరో, కానివాళ్ళెవరో ఆ బొమ్మలు చూసి నేనే చెప్పలేను. మీరేం చెబుతారు?”

“అంటే అదంతా నాటకమంటారు.”

“అవునండి.”

“ఇన్నేళ్ళుగా చేస్తున్న ఆనవాయితీ అన్నారు కదా?”

“అదీ నేను కల్పించిందే.”

అధ్యక్షుడు వేడినీళ్ళ గ్లాసు కింద పెట్టాడు. ఆయన గొంతులో మెత్తదనం పోయింది. “సంఘాన్ని మోసం చేశానని ఒప్పుకుంటున్నారు. ఫలితం ఏమిటో తెలుసా మీకు? ఉద్యోగం, పెన్షను, పేరు.”

“తెలుసండి.”

ఆయన లీడరు వైపు తిరిగాడు. “ఆ రోజు ఏర్పాట్లు చూసింది మీరు. ఈవిడ చెప్పేది నిజమేనా?”

కాదంటే ఆమె పేరు నిలుస్తుంది, తెర మీది మొహాలన్నీ వీధిన పడతాయి. అప్పుడు తెర మీద ఆగి ఉన్నది మేనకోడలి మొహమే. అవునంటే ఆమె ఇన్నేళ్ళ బతుకూ దగాగా రికార్డులోకి ఎక్కుతుంది, అదీ అతని నోటితో. అదంతా నా ఆలోచనేనండి అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఆ మాట అంటే, వాళ్ళని ఎందుకు పిలిచావు, ఎక్కడ వెతికి తెచ్చావు అని అడుగుతారు. అబద్ధమంతా దారప్పోగులా ఊడిపోతుంది.

అతను పెద్ద టీచరుకేసి చూశాడు. పాఠం అప్పజెప్పించుకుంటున్నప్పుడు చూసినట్టే, నీకు వచ్చు, చెప్పు అన్నట్టు చూస్తోంది.

“అవునండి. నిజమే,” అన్నాడు లీడరు.

ఆమె తల ఊపింది. ఆ తర్వాత అతనికేసి చూడలేదు.

తెర కట్టేశారు. అంత కల్తీ సాక్ష్యంతో ఎవరినీ ఏరలేమని సంఘం తేల్చింది. విద్యార్థుల సీట్లు నిలిచాయి. ఉద్యోగాలు పోయినవాళ్ళని మాత్రం ఎవరూ వెనక్కి పిలవలేదు. ప్రవేశ తరగతి మూసేశారు. ఆ ఏడాది పిల్లలు ఎటువాళ్ళటు వెళ్ళిపోయారు. విద్యార్థులందరినీ ఒక్కొక్కరినే పిలిచి, టీచరు చెబితే నిలబడ్డామని ఒప్పించుకున్నారు. మేనకోడలు ఆ మాట చెప్పి ఇంటికి వచ్చి, పుస్తకాలు ముందేసుకుని ఒక్క పేజీ కూడా తిప్పలేదని బావ చెప్పాడు. పెద్ద టీచరు ఒక చేతిసంచీతో బయటికి నడిచి వెళ్ళింది. ఆమెను గేటు లోపలికి రానివ్వకూడదని వాచ్‌మన్‌కి చెప్పమన్నారు. ఆ చెప్పడం కూడా లీడరు పనే అయింది. అక్క ఇప్పటికీ ఊళ్ళో అందరికీ, మా తమ్ముడు అడ్డుపడబట్టే పిల్ల సీటు నిలబడిందని చెబుతుంది. అతను వింటాడు.

మొన్న మళ్ళీ ఫోన్ వచ్చింది. ఈసారి వినపడని పిల్లలకి సంకేత భాషలో సాయం చేసేవాళ్ళ గది ఉంటే బాగుండదేమో అన్నారట.

ప్రవేశ తరగతి ఫైలు ఎప్పుడైనా మీ కంటపడితే, అందులో లీడరు గుండ్రటి చేతిరాతతో పెద్ద టీచరు మోసగత్తె అని రాసి ఉంటుంది. ఆమే ఒప్పుకుందనీ, సాక్షి ధ్రువపరిచాడనీ ఉంటుంది. అది చదివి పక్కన పెట్టేయకండి. ఎవరో ఒకరు తెరిచిన దారిన మీరు చదువుకుని ఉంటే, ఆ దారి కాసినవాళ్ళ పేరు ఎక్కడా రాసి లేకపోతే, ఈ టీచరుని కూడా వాళ్ళలో ఒకరిగా గుర్తుంచుకోండి.