చేయి తగలని కోడి

పూలమ్మ తమ్ముడి ఇంట్లో మెతుకు ముట్టి పదకొండేళ్లయింది. అలిగి రావడం మానేసిందా అంటే అదీ లేదు. ఏడాదికి రెండుసార్లు కుప్పంలో బస్సెక్కి, పుంగనూరులో దిగి, ఆటో పట్టుకుని వస్తుంది. వసారాలో కూర్చుని తమ్ముడి మంచీచెడ్డా అడుగుతుంది, మేనల్లుడికి పెళ్లెప్పుడంటుంది. మధ్యాహ్నం కాగానే సంచిలోంచి స్టీలు క్యారియరు తీసి, తాను కట్టుకొచ్చిన చిత్రాన్నం తాను తిని, సాయంత్రం బస్సుకు వెళ్లిపోతుంది. కాఫీ కూడా వద్దంటుంది.

కారణం పట్టుపురుగులు. తమ్ముడు చెంగల్రాయుడు, మరదలు నాగవేణి ఇంటి పక్కన షెడ్డు కట్టి పురుగులు మేపడం మొదలుపెట్టిన కొత్తలో ఆమె ఒక్కసారి తలుపు దగ్గర నిలబడి లోపలికి చూసింది. అరల మీద వేలకు వేలు తెల్లటి పురుగులు మెదులుతున్నాయి. "ఈ పురుగులు పిసికిన చేత్తో వండిన కూడు నా గొంతు దిగదు," అనేసింది. ఆమె అన్న మాట మీద నిలబడే మనిషి. నిలబడకూడని మాట మీద కూడా నిలబడుతుంది, అదే ఆమెతో వచ్చిన చిక్కు.

నాగవేణి అత్త లేని ఇంటికి పందొమ్మిదేళ్లప్పుడు కోడలుగా వచ్చింది. కొడుకు లోకేష్ పుట్టినప్పుడు కుప్పం నుంచి వచ్చి, నలభై రోజులు పక్కనే ఉండి, బిడ్డకు నీళ్లు పోసి, బాలింతకు పథ్యం పెట్టింది ఈ పూలమ్మే. అలాంటి మనిషి తన చేతి కూడు వద్దంటే ఎలా ఉంటుంది? పైకి మాత్రం నాగవేణి తగ్గేది కాదు. "ఆమె తినకపోతే పోనీ, నా పురుగులు తింటాండాయి కదా," అనేది. మదనపల్లె పట్టుగూళ్ల మార్కెట్లో నాగవేణి గూళ్లు వచ్చాయంటే కొనేవాళ్లు ముందు అటే నడుస్తారు. ఆ ధీమా ఆమెకు నిండుగా ఉంది. కానీ ఎదురుగా కూర్చుని ఆడబిడ్డ క్యారియరు మూత తీస్తుంటే మాత్రం ఆ ధీమా అక్కరకు రాదు. వదిన ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తన చేతి ముద్ద తింటే చాలుననిపిస్తుంది.

ఈసారి చెంగల్రాయుడు ఒక ఉపాయం కనిపెట్టాడు. ఫోన్‌లో చూసి, పాత డ్రమ్ముకు తలుపు కోయించి, లోపల ఇనుప కమ్మీలు పెట్టించి, పొగలో కోడిని కాల్చడం నేర్చుకున్నాడు. ఒక ఆదివారం బొగ్గు చేశాడు, ఇంకో ఆదివారం పచ్చిగా దించాడు, దాంతో తనంత పండితుడు లేడనుకున్నాడు.

"వచ్చే ఆదివారం అక్క వస్తాండాది. క్యారియరు తేవద్దని చెప్పినా. కోడిని కోడిగానే బయట కాలుస్తా. వంటింట్లోకి రాదు, నీ చేయి తగలదు. ఇంగ అక్క వద్దనేదానికి ఏముండాది?" అన్నాడు భార్యతో.

నీ చేయి తగలదు. మంచి మనసుతోనే అన్నాడు పాపం. మంచి మనసుతో అన్న మాటకు ముల్లుండదని ఎవరు చెప్పారు? నాగవేణికి గుచ్చుకుంది. గుచ్చుకున్నది మొగుడికి తెలియనివ్వలేదు.

"కాల్చప్పా. పొగ మాత్రం నా షెడ్డు దిక్కు రాకూడదు. పురుగులు నాలుగో జ్వరం లేసి ఉండాయి," అంది.

పురుగు మేత మాని, పడుకుని, చర్మం మార్చుకోవడాన్ని ఆ పక్క జ్వరమంటారు. నాలుగో జ్వరం నుంచి లేచిన పురుగు ఇక రాత్రీపగలూ తింటుంది, వారం తిరిగేలోపల గూడు కడుతుంది. ఆ వారంలో పొగ తగిలి మేత మానేసిందా, నెలరోజుల కష్టం గంగలో కలిసినట్టే.

"ఆషాఢంలో పడమటి గాలే కదా మే. షెడ్డుకు తూర్పున డ్రమ్ము పెడతా. పొగ అట్నుంచి అట్లే పోతాది. నన్ను నమ్ము," అన్నాడు.

మొగుణ్ణి ఎంతవరకు నమ్మాలో పాతికేళ్ల కాపురం నేర్పింది నాగవేణికి. నాలుగు గోనెసంచులు తెచ్చి నీళ్లతొట్టి పక్కన పెట్టుకుంది.

శనివారం సాయంత్రం చెంగల్రాయుడు పుంగనూరు కోళ్ల అంగడిలో కత్తికి దాదాపు చేయి అడ్డం పెట్టాల్సి వచ్చింది. "ముక్కలొద్దప్పా! తోలు తియ్యద్దు! కోడి కోడిగానే కావాల!" అని అరిచాడు. "ఏం చేస్తావన్నా?" అన్నాడు అంగడివాడు. "పొగ పెడతా." అంగడివాడు జాలిగా చూసి కవర్లో వేసిచ్చాడు. రాత్రంతా కోడి బకెట్లో ఉప్పూ బెల్లం కలిపిన నీళ్లలో నానింది. పొద్దున దాన్ని తుడిచి, వెల్లుల్లి, మిరియాలు, కారం, పసుపు నూరి లోపలా బయటా పట్టించి, కాళ్లు దారంతో కట్టి కమ్మీకి తగిలించాడు. అడుగున చింతనిప్పులు. వాటి మీద పురుగులు ఆకు తినేయగా మిగిలిన మల్బరీ పుల్లలు. ఆ పుల్లల పొగ తియ్యగా ఉంటుందని ఫోన్‌లో ఎవరూ చెప్పలేదు. అది మాత్రం ఆయన సొంత తెలివి, ఒప్పుకోవాలి.

పూలమ్మ పదకొండుకు దిగింది. చీర కొంగుతో మొహం తుడుచుకుంటూ డ్రమ్ము చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది.

"ఏందిరా ఇది, కోడికి సాంబ్రాణి పడతాండావా?"

"రెండు గంటలు ఓపిక పట్టక్కా. బయట నూరినా, బయట కాలుస్తాండా. నాగవేణి వేలు కూడా పెట్టలా," అన్నాడు చెంగల్రాయుడు గర్వంగా.

"అట్లయితే తింటాలే," అంది పూలమ్మ.

షెడ్డు గుమ్మంలో ఆకు మోపు మోస్తున్న నాగవేణి ఆ మాట విన్నది. మోపు భుజం మార్చుకుని లోపలికి వెళ్లింది.

పన్నెండున్నరకు గాలి ఆగిపోయింది. తూర్పున మబ్బు లేచి, గాలి అటునుంచి తిరిగింది. ఆషాఢ మాసం చెంగల్రాయుడికి మాటేమీ ఇవ్వలేదు కదా! నాగవేణి లోపల ఆకు పరుస్తోంది. ఎదిగిన పురుగులు వేలకొద్దీ ఒకేసారి ఆకు కొరుకుతుంటే షెడ్డంతా రేకుల మీద వాన పడుతున్న చప్పుడు. ఆ చప్పుడు ఉన్నట్టుండి పలచబడింది. తలెత్తి చూస్తే తూర్పు కిటికీ నిండా పొగ.

ఒక్క అంగలో బయటపడింది.

"తీసెయ్! ఆ డ్రమ్ము ఈన్నుంచి తీసెయ్!"

"ఇంగొక గంటే మే! ఇప్పుడే రంగు తిరగతాండాది. అక్క కోసరం..."

"కోడి ఇంగొకటి దొరకతాది. పోయిన పంట యాడ తెస్తావు? లోకేషూ, ట్రాక్టరు తియ్! డ్రమ్ము ట్రాలీలోకి ఎక్కించి వంక అవతలికి తోలుకుపో!"

ఆమె ఆ గొంతుతో చెబితే ఆ ఇంట్లో రెండో మాట ఉండదు. తండ్రీకొడుకులు తడిగుడ్డలతో డ్రమ్మును పట్టి, కోడితో సహా, నిప్పుతో సహా ట్రాలీ ఎక్కించి, ఇద్దరూ తోలుకుపోయారు. అది ఊళ్లోంచి పొగ కక్కుతూ పోతుంటే వీధి చివరి రమణ, ట్రాక్టరు అంటుకుందనుకుని నీళ్ల బిందెతో వెంట పరిగెత్తాడట.

డ్రమ్ము పోయింది కానీ లోపల చేరిన పొగ పోలేదు. తూర్పు కిటికీలకు తడి గోనెలు కట్టాలి, పడమటివి తెరవాలి, పొగ పట్టిన ఆకు తీసి కొత్తాకు పరవాలి. రెండు చేతులు చాలవు.

"వదినా! రా!" అని కేకేసింది.

పూలమ్మ వసారా దిగి వచ్చింది. ఎందుకని అడగలేదు. ఎంతైనా నలభై రోజులు పథ్యం పెట్టిన మనిషి. గడప మీద కాలు పెట్టబోయింది.

"ఆగు! ఆ తొట్లో బ్లీచింగు నీళ్లుండాయి. కాళ్లు కడుక్కో. చేతులు కూడా."

పూలమ్మ నోరు తెరిచింది. "నేనా? పొద్దన్నే తలకు పోసుకుని వచ్చినా మే!"

"నువ్వు యాడాడ తిరిగొచ్చినావో నా పురుగులకేం తెలుసు? కడగంది ఎవురినీ రానీను. నా మొగుణ్ణి కూడా రానీను."

అనేశాక గానీ తానన్నదేమిటో నాగవేణికి తెలిసిరాలేదు. మురికి ఇంటి లోపల ఉందని పదకొండేళ్లుగా నమ్ముతున్న మనిషిని, నీదే మురికి అన్నట్టయింది. ఇక క్యారియరు కాదు, రాకపోకలు కూడా ఆగిపోతాయనుకుంది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. పురుగుల దగ్గర ఆమె ఎవరికీ మినహాయింపు ఇవ్వదు.

పూలమ్మ మరదలి మొహం వైపు చూసింది. తర్వాత చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని తొట్లో కాళ్లు పెట్టింది.

ఇద్దరూ గోనెలు కట్టారు. పడమటి కిటికీలు బార్లా తెరిచారు. అరలన్నిటి మీద కొత్తాకు కొమ్మలు పరిచారు. ఒక పురుగు పూలమ్మ మణికట్టు మీదికి పాకింది. కెవ్వుమంది. విదిలించబోయి, ఆగింది.

"సల్లగుండాదే!" అంది ఆశ్చర్యంగా.

నాగవేణి దాన్ని రెండు వేళ్లతో సుతారంగా తీసి ఆకు మీద పెట్టింది. ఆ తర్వాత చేయడానికేమీ లేదు. నిలబడి వినడమే. షెడ్డు నిశ్శబ్దంగా ఉంది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. నాగవేణి దేవుడికి మొక్కలేదు, మొక్కడం కూడా మరిచిపోయింది. మూలనున్న అరలో చిటచిట మొదలైంది. పక్క అరకు పాకింది. చూస్తుండగానే షెడ్డంతా అందుకుంది.

పూలమ్మ పైకప్పు వైపు చూసింది. "వాన వచ్చిందా?"

"వాన కాదు వదినా. తింటాండాయి."

పూలమ్మ చాలాసేపు అలాగే విన్నది. "ఎంత ఆకలో పాపం, పిచ్చి ముండలకు," అంది. ఆ తిట్టులో బిడ్డల్ని తిట్టే ముద్దుంది. ఇంకో గంట, అడగకుండానే, కొమ్మలు అందిస్తూ ఉండిపోయింది.

మూడు దాటింది. కోడి జాడ లేదు. ఇద్దరూ చేతులు కడుక్కుని ఇంట్లోకి వచ్చారు. పూలమ్మ వసారాలో ఆగలేదు. నేరుగా వంటింట్లోకి నడిచి, గోడకు ఆనుకుని కింద కూర్చుంది.

"ఏముండాది మే?"

నాగవేణి చెంబు పట్టుకుని నిలబడిపోయింది. "నాకని చేసుకున్న రాగిసంగటి, శెనక్కాయల ఊరుబిండి ఉండాయి. కోడి వస్తాది గదా వదినా..."

"కోడి వచ్చేదాకా నా పానం ఉండొద్దా?"

"నాది పురుగులు ముట్టిన చేయి వదినా." పౌరుషంతో అందో, భయంతో అందో ఆమెకే తెలియదు.

"నా చేయేమన్నా గుళ్లోనించి వచ్చిందా? పెట్టు మే, కడుపు కాలతాండాది."

నాగవేణి పెట్టింది. ముద్ద మధ్యలో గుంట చేసి, ఊరుబిండి పచ్చడి వేసి, నెయ్యి పోసింది. పూలమ్మ తుంచి, అద్దుకుని, మింగింది. ఆ ముద్ద గొంతు దిగడం నాగవేణి చూసింది. ఏడుపొచ్చింది. ఆపుకోలేదు, ఏడ్చింది. పూలమ్మ చూసి కూడా ఊరుకోమనలేదు. తింటూ ఎడమచేత్తో మరదలి మోకాలి మీద రెండుసార్లు తట్టింది. సంగటి అయిపోగానే కంచం ముందుకు జరిపింది, ఇంకో ముద్ద కోసం.

అప్పుడొచ్చింది ట్రాక్టరు. చెంగల్రాయుడు పెద్ద తాంబాళంలో కోడిని పెట్టుకుని, పెళ్లికొడుకును తెచ్చినట్టు తెచ్చాడు. చెప్పుకోవాలి, అద్భుతంగా కాలింది. కోడి కోడిగానే ఉంది. తోలు చింతపిక్క రంగులో మెరుస్తోంది, తొడ ఎముక దగ్గర రసం ఊరుతోంది, మల్బరీ పొగ వాసన ఇల్లంతా పరుచుకుంది.

"అక్కా! చూడు! ఎవురి చేయీ తగ..."

వంటింటి గుమ్మంలో ఆగిపోయాడు. అక్క రెండో సంగటి ముద్దలో సగం దాకా వచ్చి ఉంది. ఎదురుగా భార్య కళ్లు తుడుచుకుంటోంది. తాంబాళం ఎక్కడ పెట్టాలో ఆయనకు తోచలేదు.

"ఆడ దించురా, సంగటిలోకి నంజుకుంటాం," అంది పూలమ్మ తలెత్తకుండా. కోడి మీదికి చేయి చాపిన తమ్ముణ్ణి కసిరింది. "నువ్వు ముట్టద్దు, నీ చేతులంతా మసి. నాగవేణీ, నువ్వు తుంచి పెట్టు."