అమ్మవారున్న ఇంట్లో కొరమేను పులుసు

తనంత తెలివైన మనిషి ఆ కొల్లేటి లంకలోనే లేదని మంగతాయారు నమ్మకం. పక్క లంకలో తట్టు లేచిందనీ, పిల్లల్ని వరసపెట్టి ఏలూరు ఆసుపత్రికి మోస్తున్నారనీ, నర్సు సలోమి ఐసుడబ్బా భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగి టీకాలు వేస్తోందనీ తెలియగానే ఆవిడ గుమ్మానికి వేపమండలు కట్టేసింది. అమ్మవారు పోసిన ఇంట్లోకి పైవాళ్లు అడుగుపెట్టరు కదా! తొమ్మిది నెలల మనవరాలు ఇందుజ ఒంటిమీద సూది పడనివ్వకూడదని ఆవిడ పంతం.

సలోమి రానే వచ్చింది. మండలు చూసి గుమ్మం బయటే ఆగింది.

"పాపకి పోసిందమ్మా. నువ్వెళ్లిరా," అంది మంగతాయారు, మొహం వీలైనంత దిగాలుగా పెట్టి.

"అయ్యో! ఎప్పట్నించండీ మామ్మగారూ?" అంటూనే సలోమి గాలి ఎగబీల్చింది. లోపల్నించి కొరమేను పులుసు వాసన గుప్పుమంటోంది. పొద్దున్నే కొడుకు బంగార్రాజు తెచ్చిన చేప అది. అమ్మవారున్న ఇంట్లో నీచు వండరు, తాలింపైనా వెయ్యరు. కొల్లేట్లో పుట్టి పెరిగిన మనిషికి చేప మానాలన్న సంగతే గుర్తురాలేదు పాపం.

"పులుసు అమ్మవారే అడిగారాండీ?"

లోపల కోడలు పకపకా నవ్వేసింది. మంగతాయారుకి ముందు కోపం వచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది.

"నా పెద్దపిల్ల తట్టుతోనే పోయిందమ్మా. రెండేళ్లది. నేనేం తప్పు చేశానో, ఆ తల్లి తీసుకుపోయింది. ఇప్పుడు సూది పొడిపించి ఆవిడకి మళ్లీ కోపం తెప్పించమంటావా?"

సలోమి డబ్బా దించి అరుగు మీద ఆవిడ పక్కన కూర్చుంది.

"మీ తప్పేం లేదండీ. అది అంటుజబ్బు. అప్పుడు మీకు టీకా అందలేదు, ఇప్పుడు గుమ్మంలోకొచ్చింది. కోపమంటూ వస్తే నామీదికి రమ్మనండి, నేను చూసుకుంటాను. పాపకి మహా అయితే కాస్త ఒళ్లు వెచ్చబడుతుంది, తగ్గిపోతుంది."

ఆ తప్పు తనదేనని ఇన్నేళ్లూ మోసిన ముసలావిడ మరి, దించెయ్యమంటే వెంటనే చేతకాలేదు. చివరికి లోపలికెళ్లి పాపను తనే ఎత్తుకొచ్చింది. ఒళ్లో కూర్చోబెట్టుకుని చెయ్యి కదలకుండా పట్టుకుంది. సూది పడగానే ఇందుజ ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది.

"ఏడువు తల్లీ, గట్టిగా ఏడువు," అని పాపను గుండెకు హత్తుకుని మంగతాయారు సలోమి వైపు తిరిగింది. "నా పిల్ల పోయినప్పుడు ఎక్కడున్నావమ్మా నువ్వు?"

"అప్పటికి నేనింకా పుట్టలేదండీ మామ్మగారూ."

"కాస్త ముందు పుట్టకపోయావా తల్లీ," అంది మంగతాయారు, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంటూ.