దొరసానికి కావలసిన మురికి

కోడలి ఉద్యోగం ఆసుపత్రి నేలమాళిగలో. పైన ఆపరేషన్లలో వాడి పడేసిన కత్తెరలూ పట్టకార్లూ ట్రేలూ కిందికి దిగుతాయి. వాటిని కడిగి, తోమి, ఆవిరి పెట్టెలో పెట్టి, మళ్లీ పైకి పంపాలి. పద్నాలుగేళ్లుగా ఆమె చేస్తున్నది ఇదే. ఆమె చేతి మీదుగా వెళ్లిన కత్తెరలో చూసుకుని తల దువ్వుకోవచ్చని డాక్టర్లు అనేవారు. తోటివాళ్లు ఆమెకు ‘తళతళమ్మ’ అని పేరు పెట్టేశారు. పేరైతే బాగానే ఉంది గానీ సాయంత్రానికి కాళ్లు పీకేవి, వేళ్ల సందులు ఒరిసిపోయి మండేవి.

ఇంటికొస్తే అక్కడా కడగడమే. భర్త లారీ తోలుతాడు, రెండు వారాలకోసారి వచ్చి నిద్రపోయి వెళతాడు. ఇంట్లో మిగిలింది మామయ్య, మామయ్య చేపలు. ఆయన బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి. మాటలు తక్కువ. ఏం వండి పెట్టినా ‘ఊఁ’ అంటాడు. బాగుంటే ఒక ‘ఊఁ’, బాగోకపోతే ఇంకో ‘ఊఁ’. ఆ రెంటికీ తేడా కనిపెట్టడం కోడలికి ఇప్పటికీ చేతకాలేదు.

ముందు గదిలో గోడవారగా ఆయన గాజుతొట్టె ఉంది. అందులో పదకొండు చేపలు. పది చిన్నవి, వేలెడంత లేనివి. పదకొండోది దొరసాని. అరచేయంత ఏంజెల్ చేప, ఒంటి మీద నల్ల చారలు, ఎడమ రెక్క కొసన చిన్న తొర్రి. ఆ పేరు పెట్టింది పోయిన అత్తయ్య. ఆమె పోయాక మామయ్య నోరు విప్పి కబుర్లు చెప్పేది ఆ చేపతోనే. అది ఆయన వేలి చివర నుంచి మేత అందుకుని తినేది.

ఆయన మెట్ల మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. స్ట్రెచర్ మీద పడుకోబెట్టి తీసుకెళుతుంటే గుమ్మం దగ్గర ఆపించి మరీ చెప్పాడు.

“అమ్మాయీ, పొద్దున చిటికెడు మేత వెయ్యి. ఆదివారం ఒక బకెట్టు నీళ్లు తీసి ఒక బకెట్టు పొయ్యి. ఇంకేం చెయ్యకు. ఏమీ చెయ్యకు.”

ఆ మాట ఆమె మనసులో ముల్లులా దిగింది. ఆ ఇంట్లో అడుగు పెట్టిన దగ్గర్నుంచి ఆమెతో ‘ఇది చెయ్యి, అది చెయ్యి’ అన్నవాళ్లే గానీ, ‘ఏమీ చెయ్యకు’ అన్నవాళ్లు లేరు. ఇప్పుడన్న ఒక్క మామయ్యా తన మీద నమ్మకం లేక అన్నాడనుకుంది.

రెండో ఆదివారం తొట్టె వైపు చూస్తే ఆమెకు ఒళ్లు జలదరించింది. గాజుకు గోధుమరంగు పొర పట్టింది. ఫిల్టరు తెరిస్తే లోపల స్పాంజి బురదముద్దలా, జిగటగా ఉంది. ఇందులోనా ఆయన ప్రాణంగా చూసుకునే చేపలు బతుకుతున్నది! ఆయన తిరిగొచ్చి చూసేసరికి తొట్టె అద్దంలా మెరవాలి. ఆయన నోట ఒక్కసారి, కనీసం ఒక్కసారి, ‘ఊఁ’ కాకుండా ఇంకేదైనా మాట రావాలి. నిజం చెప్పాలంటే ఆమె ఆశ అదే.

ఇక కొంగు బిగించింది. చేపల్ని బకెట్లలోకి మార్చి, అడుగునున్న గులకరాళ్లను ఉడకబెట్టింది. స్పాంజిని మరిగే నీళ్లలో మూడుసార్లు పిండింది, తెల్లబడేదాకా. కొత్త నీళ్లు పోసి, కుళాయి నీళ్లలోని క్లోరిన్ విరగడానికి మామయ్య వాడే మందు చుక్కలు లెక్కగా వేసి, హీటరు పెట్టి, నీళ్లు వెచ్చబడ్డాక చేపల్ని వదిలింది. తొట్టె మిలమిలలాడింది. నడుం విరిగినంత పనైనా ఆ రోజు ఆమెకు కంటినిండా నిద్రపట్టింది.

మూడో రోజు ఉద్యోగం నుంచి వచ్చేసరికి రెండు చేపలు తేలుతున్నాయి. మిగతావి పైకొచ్చి నోళ్లు తెరిచి గాలి కోసం కొట్టుకుంటున్నాయి. దొరసాని హీటరు మూల ఒక పక్కకు ఒరిగిపోయింది.

అప్పటికప్పుడు రెండు బస్సులు మారి చేపల కొట్టుకు వెళ్లింది. కొట్టాయన ఆమె చెప్పింది విని, “స్పాంజి కడిగావామ్మా?” అన్నాడు.

“మరిగే నీళ్లలో.”

“రాళ్లు?”

“ఉడకబెట్టాను.”

ఆయన కాసేపు కళ్లు మూసుకున్నాడు. “చేపల మలమూత్రాలు నీళ్లలో విషమవుతాయమ్మా. ఆ విషాన్ని తినేసే సూక్ష్మజీవులుంటాయి. కంటికి కనబడవు. నువ్వు మురికనుకున్న జిగట ఉంది చూడు, వాటి కాపురమంతా అందులోనే. నువ్వు ఆ కాపురాన్ని ఉడకబెట్టేశావు.”

కంటికి కనబడని వాటిని చంపడమే కదా ఆమె ఉద్యోగం. అందులో ఆమెను మించినవాళ్లు లేరు.

“ఇప్పుడేం చెయ్యాలండీ?”

“నా తొట్టెలోంచి ఒక మురికి స్పాంజి ఇస్తాను, తీసుకెళ్లి మీ ఫిల్టరులో పెట్టు. మేత తగ్గించు. రోజూ కొంచెం కొంచెం నీళ్లు మార్చు. ఒక నెల పడుతుంది. ఆ పెద్దదాని సంగతి మాత్రం చెప్పలేను.”

తిరుగు బస్సులో తళతళమ్మ ఒళ్లో ఒక ప్లాస్టిక్ సంచి, అందులో గోధుమరంగు నీళ్లు, నీళ్లలో జిడ్డోడే స్పాంజి. పక్కనావిడ ముక్కు మూసుకుని ఇంకో సీటు చూసుకుంది. కోడలు సంచిని ఇంకొంచెం దగ్గరకు పెట్టుకుంది, ఒలికిపోతుందేమోనని.

ఆ రోజు నుంచి పొద్దున ఉద్యోగానికి వెళ్లేముందు రెండు బకెట్లు, సాయంత్రం వచ్చాక రెండు బకెట్లు. చంటిపిల్లల స్నానానికి చూసినట్టు మోచెయ్యి ముంచి వేడి చూడటం, గిన్నెతో మెల్లిగా పోయడం. ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది. అయినా చేపలు పోతూనే ఉన్నాయి. పోయినదాన్నల్లా గుడ్డముక్కలో చుట్టి పూలకుండీలో పాతిపెట్టింది. పదకొండు నాలుగయ్యాయి.

రోజూ సాయంత్రం మామయ్య ఊరవతలి ఎముకల ఆసుపత్రి నుంచి ఫోను చేసేవాడు. అక్కడ ఆయన్ని నడిపించే నర్సు చెప్పింది, ఆయన పళ్లు బిగబట్టి అడుగులు వేస్తున్నది దొరసానిని చూడటానికేనట.

“దొరసాని తిందా?”

“తింది మామయ్యా.”

భర్తకు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పింది. “ఆ మాత్రం దానికి ఏడుస్తావేంటి? పోతే అలాంటిదే ఇంకోటి కొని పడేద్దాం. ఆయనకేం తెలుస్తుంది?” అన్నాడతను. రెక్క మీది తొర్రి ఎక్కడ కొంటావని అడగాలనుకుంది. అడిగే ఓపిక లేక ఫోను పెట్టేసింది.

నెల దాటాక మామయ్య వాకర్ పట్టుకుని ఇంటికొచ్చాడు. గుమ్మం దాటి నేరుగా తొట్టె ముందుకు వెళ్లి నిలబడ్డాడు. వేలు పెట్టి లెక్కపెట్టాడు. నాలుగు. మళ్లీ లెక్కపెట్టాడు.

“నేనే మామయ్యా,” అంది కోడలు. “కడిగి చంపాను. స్పాంజి, రాళ్లు, అన్నీ ఉడకబెట్టాను. ఫోన్లో మీకు చెప్పిందంతా అబద్ధం.”

“ఏమీ చెయ్యకు అన్నానా లేదా?” అన్నాడాయన. “గుమ్మంలో ఆపించి మరీ చెప్పానే!”

“చెప్పారు. ఏమీ చెయ్యకుండా ఎలా ఉండాలో నాకెవరు నేర్పారు మామయ్యా?”

గట్టిగానే అనేసింది. అన్నాక ఏడుపొచ్చింది. ఏడుస్తూనే సాయంత్రం బకెట్టు అందుకుంది, వేళయింది గనక. ఆయన వాకర్ మీంచి ఒక చెయ్యి తీసి బకెట్టు పట్టుకుని ఆపాడు. ఆమె వేళ్లు చూశాడు, తోలు లేచి ఎర్రగా ఉన్నాయి. వంగి నీళ్లు వాసన చూశాడు. ఫిల్టరులోకి తొంగి చూశాడు. స్పాంజి నల్లగా, జిగటగా ఉంది.

దొరసాని నెమ్మదిగా మూలలోంచి వచ్చింది. ఆయన వేలి దగ్గర నోరు తెరిచింది.

“రోజుకెన్ని బకెట్లు పోశావు?”

“నాలుగు.”

ఆయన తొట్టె ముందున్న తన కుర్చీని వాకరుతో ఆమె వైపు జరిపాడు. ఆ కుర్చీలో ఇన్నేళ్లలో ఇంకొకరు కూర్చున్నది లేదు.

“నీళ్లు కుదురుకున్నాయి. ఇక కూర్చో.”

కూర్చుంది. అంతలో వంటింట్లో, ఆయన కాఫీకని పొయ్యి మీద పెట్టిన పాలు పొంగుతున్న చప్పుడు. ఆమె ఉలిక్కిపడి లేవబోయింది.

“ఏమీ చెయ్యకు,” అన్నాడు మామయ్య.

వాకర్ తిప్పుకుని, ఒక్కో అడుగూ కూడదీసుకుంటూ ఆయనే వంటింటి వైపు బయల్దేరాడు. ఆ నడకతో చేరేసరికి పాలన్నీ పొయ్యి మీదే ఉంటాయని, అవి ఎండి అట్టకడతాయని, గీకితే గానీ వదలవని ఆమెకు తెలుసు. తెలిసీ లేవలేదు.