అది అంటే ఎవరు

వాషింగ్ మెషీన్‌లో బట్టలు వేస్తుంటే హాల్లోంచి అత్తగారి మాట వినబడింది. ఫోన్లో కూతురితో చెబుతోంది. "అది పొద్దున్నుంచీ తిరుగుతూనే ఉందే. ఈమధ్య మరీ చప్పుడు చేస్తోంది."

కోడలు బటన్ నొక్కబోయి ఆగింది. మెషీన్ ఇంకా మొదలే కాలేదు.

పక్కనే వంటింటి బల్ల దగ్గర తన కూతురు ఇంగ్లిష్ హోంవర్క్ చేస్తోంది. ఇంట్లోవాళ్ల గురించి కొన్ని వాక్యాలు రాయాలి. మొదటిసారి ఎవరో చెప్పాక, తర్వాత సర్వనామం వాడాలి. క్రియ ఏ కాలంలో ఉండాలో చూసుకోవాలి. నాన్న గురించి తప్పుల్లేకుండా రాసింది. అమ్మ దగ్గరికొచ్చేసరికి, 'మై మదర్ వాజ్ ఎ టీచర్. ఇట్ వాషెస్ క్లోత్స్' అని రాసింది.

"ఇట్ ఏమిటే?"

"అది అంటే 'ఇట్' కదా! నానమ్మ నిన్ను 'అది' అనే అంటుందిగా."

ఆమెకు నవ్వొచ్చింది, పెదవి దాటలేదు. మగవాడైతే వచ్చాడు. ఆవు వచ్చింది, కరెంటు వచ్చింది, కోడలూ వచ్చింది. తరగతిలో ఈ మాట చెప్పి పిల్లల్ని నవ్వించేది. పెళ్లయిన కొత్తలో భర్త "మా ఆవిడ టీచర్" అని పరిచయం చేసేవాడు. పాప పుట్టాక "టీచర్‌గా చేసేది" అన్నాడు. సెలవు పెట్టిన మనిషి మానేసిన మనిషి ఎప్పుడయిందో ఆమెకే తెలియలేదు. ఆ మాట విన్న చుట్టాలు "పోన్లే, ఇప్పుడు హాయిగా ఇంట్లో ఉంటోంది" అన్నారు. హాయి ఏ గదిలో ఉందో ఎవరూ చెప్పలేదు.

నిన్న పాత స్కూలు హెడ్‌మిస్ట్రెస్ ఫోన్ చేసింది. ఇంగ్లిష్ టీచర్ పోస్టు ఖాళీ అయింది, వస్తావో రావో ఇవాళ సాయంత్రంలోగా చెప్పమంది. పొద్దున కాఫీ తాగుతూ భర్త తేల్చేశాడు. "రాలేనని చెప్పెయ్. నువ్వెళ్తే ఇల్లెవరు చూస్తారు? అయినా ఇన్నేళ్లకి నీకేం గుర్తుంటుంది?" వెంటనే, షర్టు బొత్తాం ఊడిందని కూడా గుర్తుచేశాడు.

"అమ్మా, ఇట్ కొట్టేసి షీ రాశా. వాజ్ ఉంచనా, ఈజ్ రాయనా?"

'మా అమ్మ టీచర్' అనడానికి తెలుగులో క్రియే అక్కర్లేదు. ఆ సందులో ఎన్నేళ్లయినా దాక్కోవచ్చు. ఇంగ్లిష్ ఊరుకోదు. ఇప్పుడా, అప్పుడా, తేల్చమంటుంది.

"ఉండు, తేల్చి చెప్తా."

చేతులు చీరకి తుడుచుకుని, అక్కడే నిలబడి ఫోన్ చేసింది.

"మేడం, రేపట్నుంచి వస్తున్నానండి... లేదండీ, అడగాల్సినవాళ్లెవరూ లేరు. చెప్పాల్సినవాళ్లున్నారు, చెప్తాను."

ఫోన్ పెట్టేసి కూతురి వైపు తిరిగింది. "ఈజ్ రాయి."

వంటింటి గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది. చేతిలో ఫోన్, అందులోంచి ఆడపడుచు "అమ్మా, ఏమైందీ?" అంటోంది. వెనకే భర్త, చేతిలో బొత్తాంలేని షర్టు, కళ్లు సెల్‌ఫోన్ మీద.

"విన్నావురా? అది రేపట్నుంచి స్కూలుకి పోతుందట!"

అతను తలెత్తలేదు. "ఏది?"

"నేను," అంది ఆమె.