సముద్రానికి రెండో గది

టేపులక్క రీలు మీది బూజును మెత్తటి గుడ్డతో తుడుస్తోంది. సముద్ర పరిశోధన కేంద్రంలో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. ఓడలు తెచ్చిన కొలతలు, నీటి వేడి, ఉప్పదనం, అలల ఎత్తు, అన్నీ ఆ పాత టేపుల్లోనే ఉన్నాయి. వాటిని ఆరబెట్టి కంప్యూటర్లోకి ఎక్కించడం ఆమె ఉద్యోగం. నల్లటి జడతో చేరింది. ఆ చల్లటి గదిలోనే జడ నెరిసింది.

ఈ ఉదయం మాత్రం చెయ్యి పని మీద నిలవడం లేదు. పై అంతస్తులో సమావేశం. మూడు ఊళ్ల ప్రయోగశాలలవాళ్లు, పడవలవాళ్లు కూర్చున్నారు. ఎవరి కొలతలు వాళ్ల బీరువాలో మగ్గకుండా, అందరివీ కలిపి దాచాలన్నది ఆలోచన. నిరుడు వానకు గదిలోకి నీళ్లొచ్చి ఒక అర నిండా టేపులు పాడయ్యాయి. వాటికి నకలు ఎక్కడా లేదు. ఆ పూట ఆమెకు ముద్ద దిగలేదు.

పిలుపు రాగానే ఒక్క ఊపున మెట్లెక్కేసింది.

లోపల పడవల సంఘం పెద్ద బిగుసుకుని కూర్చున్నాడు. "మా పడవలకి నీటిని కొలిచే మీటర్లు కట్టారు, సరే. ఎక్కడ కొలిచాయో అందరికీ చూపిస్తే మా చేపల చోటు మేమే చాటింపు వేసినట్టు కాదా?"

టేపులక్క గుమ్మంలోనే ఆగి, కేంద్రం డైరెక్టరమ్మ వైపు చూసింది.

"వేట కాలం అయ్యాక చూపిస్తే?" అంది డైరెక్టరమ్మ.

ఆయన గడ్డం గోక్కున్నాడు. "అప్పటికి చేపే అక్కడుండదుగా. అయితే పేచీ లేదు. కానీ పెత్తనం ఒక్కరిదే కాకూడదు. మా మనిషీ కూర్చోవాలి."

"కూర్చుంటాడు. నకళ్లు మూడు ఊళ్లలోనూ ఉంటాయి." డైరెక్టరమ్మ ఇటు తిరిగింది. "టేపులక్కా, పక్క ఊళ్లో నకళ్లు దాచే గది మీరు సర్దిపెట్టాలి. నెలలు పట్టొచ్చు. వ్యాన్ సాయంత్రమే."

"ఇప్పుడే రమ్మన్నా వస్తానమ్మా."

అనేశాక ఇంట్లో చెప్పలేదని గుర్తొచ్చింది. అందరూ నవ్వారు, ఆమెతో సహా.

ఫోన్లో భర్త కుట్టుమిషన్ చప్పుడు ఆగింది. "వెళ్లిరా. ఉప్పు డబ్బా ఎక్కడుందో మాత్రం చెప్పి వెళ్లు."

"కళ్లెదురుగానే ఉంటుందండీ. మీకే కనబడదు."

సాయంత్రం, ఇంతవరకు కంప్యూటర్లోకి ఎక్కించిన కొలతల నకళ్ల పెట్టెను పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. గతుకుల్లో నెమ్మది అని డ్రైవర్‌కు చెబుతుండగానే వ్యాన్ గేటు దాటింది.

కింద చల్లటి గదిలో, కుర్చీ వీపుకు ఆమె ఊదారంగు స్వెటర్ వేలాడుతోంది, మోచేతుల దగ్గర పలచబడి, చేతులు ఇంకా పైకి మడిచి.