మొగులవ్వ కట్టిన పాట

కార్ఖానా కాలనీ క్లబ్బు హాలు వెనక మెట్లకు అతుక్కుపోయిన తడి ఆకులు చీపురుకు రావడం లేదు. మొగులమ్మ కొంగు నడుముకు దోపి, వంగి, ఒక్కొక్కటే గోళ్లతో గీకి తీస్తోంది. రాత్రంతా వాన. నిరుడు చుక్క కురవక నెర్రెలు విచ్చిన నేల ఈ డెబ్బై మూడు శ్రావణంలో తాగినంత తాగి, మిగిలిన నీళ్లను కాలనీ రోడ్ల మీద వదిలేసింది.

ఆమెకు యాభై దాటాయి. ఎంత దాటాయో ఆమెకే తెలియదు. సన్నటి మనిషి. మోచేతి నుంచి మణికట్టు దాకా పచ్చబొట్టు చుక్కలు, వాటి మీద ముడతలు పడ్డ చర్మం. కడియాలు ఎప్పుడో అమ్మేసినా, అవి ఒరుసుకున్న చోట చీలమండల మీద నల్లటి గుర్తులు మిగిలిపోయాయి. రెండు మెట్లు ఊడ్చి మూడో మెట్టు మీద కూర్చుని ఎడమ భుజం నొక్కుకుంది. నాలుగు రోజులుగా అక్కడ ఎవరో గుద్దినట్టు ఉంటోంది.

ఎదుటి వరస క్వార్టర్ల ముందు పెళ్లి షామియానా వేశారు. మైకు గరగరలాడింది, ఆ తరవాత పాట మొదలైంది.

మిట్ట మీద మెరుపొచ్చె, మబ్బు రాదాయె
బాయి గట్టున చెప్పులుండె, మనిషి రాడాయె

మొదట్లో ఈ పాట వినబడితే మొగులమ్మ ఉన్నచోటే ఆగిపోయేది. ఒకసారి పటాన్‌చెరు బస్టాండులో హోటలు ముందు నిలబడి వింటూ కాలనీ బస్సు పోగొట్టుకుంది. ఇప్పుడు ఆగడం లేదు. క్లారినెట్టు వాయించి, డోలకు దరువేసి, నడుమ నడుమ ఆడపిల్లల నవ్వులు కూడా పెట్టారు. చావు మీద కట్టిన పాటకు నవ్వులెందుకో ఆమెకు అర్థం కాలేదు. అర్థం కావడం కోసం ఆగడం మానేసింది.

మొగుడు పెద్దరాములు బావులు తవ్వే మనిషి. అప్పటికింకా ఈ కార్ఖానా లేదు, కాలనీ లేదు, ఇక్కడంతా జొన్నచేలు. ఇంద్రేశంలో ఒక పటేలు బావి తవ్వుతుండగా ఒడ్డు విరిగి మీద పడింది. మధ్యాహ్నం సద్ది పట్టుకుని వెళ్లిన మొగులమ్మకు గట్టు మీద అతని చెప్పులు కనబడ్డాయి. ఆ ఏడు నాట్లకు పోయినప్పుడు ఏడవడానికి తీరిక దొరక్క ఏడుపును పాట చేసింది. ఆమె అంటుంటే పక్క వరసలోని ఆడవాళ్లు అందుకున్నారు. మరుసటి ఏడు వెలిమెల నాట్లలో పాడారు. ఆ తరవాత ఎక్కడెక్కడ పాడారో ఆమె అడగలేదు. పాటను ఎవరు మాత్రం కట్టేసి పెట్టుకుంటారు?

కాలనీలో ఊడ్చే పనికి చేరాక, ఒకరోజు తనలో తను పాడుకుంటుంటే హైమావతి విన్నది. హైమావతి కాకినాడ నుంచి వచ్చిన ఇంజనీరు గారి భార్య, సంగీతం నేర్చిన మనిషి. వరండాలో కూర్చోబెట్టి, టీ ఇచ్చి, పాట మొత్తం పాడించుకుని నేర్చుకుంది. క్లబ్బులో పాడింది. అక్కడ విన్న బాపిరాజు అనే హార్మోనియం మాస్టరు దాన్ని గ్రామఫోను ప్లేటు చేయించాడు. గొంతు హైమావతిది. ప్లేటు మీద పాట ఎవరిదని ఉండాల్సిన చోట 'జానపదం' అని ఉంది. కూర్పు బాపిరాజు.

"మొగులమ్మా! పనయ్యాక ఇటు రా. ఇవాళ మీ ఊరు వెళ్దాం."

హైమావతి గేటు దగ్గర నిలబడి పిలుస్తోంది. చంకలో తోలు సంచి ఉంది.

మొగులమ్మ చేతులు కడుక్కుని వెళ్లి వరండా కింది మెట్టు మీద కూర్చుంది. హైమావతి కుర్చీ లాక్కుని కూర్చోబోయి, మళ్లీ ఏమనుకుందో పై మెట్టు మీదే కూర్చుంది.

"హైద్రాబాదులో ప్లీడరు గారిని కలిశాను. పాట కట్టినవాళ్లకి హక్కుంటుందట. దానికి చట్టం ఉంది."

"హక్కంటేంది అమ్మా?"

"అది నీది అని."

"నాదే గదా?"

హైమావతి తల దించుకుంది. "నీదేనని రుజువు కావాలంటారు. నువ్వు కడుతుంటే విన్నవాళ్లు ఇద్దరు కాయితం మీద వేలిముద్ర వేస్తే, ప్లేటు కంపెనీకి రాస్తానన్నారు. నీ పేరు వెయ్యమని, నీ వాటా ఇమ్మని."

"నీకిచ్చిండ్రా వాటా?"

"వాటా లేదు. ఒక్కసారి కాస్త డబ్బిచ్చి సంతకం పెట్టించుకున్నారు. అన్ని హక్కులూ వాళ్లవే. బాపిరాజు గారి సంగతీ అంతే. పేరైతే వేశారు గాని, పాపం ఆయన ఇప్పుడు పెళ్లిళ్లలో హార్మోనియం వాయించుకుంటున్నాడు. మొన్న రేడియోలో నన్ను పాడమన్నారు. ఆ పాట ఇంకెక్కడా పాడకూడదని కంపెనీ వాళ్లు ఉత్తరం రాశారు."

మొగులమ్మ ఉలిక్కిపడింది. "నువ్వు పాడొద్దా? మరి నేను?"

హైమావతి నవ్వబోయింది, రాలేదు. "నువ్వు పాడుకోవచ్చులే. నువ్వు పాడితే ఎవరు అడుగుతారు?"

ఆ మాటకు ధైర్యం తెచ్చుకోవాలో, చిన్నబుచ్చుకోవాలో మొగులమ్మకు తెలియలేదు. వాటా వస్తే ఇంటికప్పు మీద కొత్త పెంకులు వేయించుకోవచ్చన్న ఆశ మాత్రం అప్పుడే లోపల కదిలింది. రాత్రి కురిసిన వానకు మంచం మూడుసార్లు జరిపింది.

పటాన్‌చెరు దాకా బస్సులో వెళ్లారు. అక్కణ్ణుంచి బండిబాట. వాగు దాటేటప్పుడు హైమావతి చెప్పులు చేతబట్టుకుని, కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, మొగులమ్మ భుజం ఆసరాగా నడిచింది. నొప్పి ఉన్న భుజమే. మొగులమ్మ చెప్పలేదు.

ఆగమ్మ అరుగు మీద కూర్చున్నారు. ఆగమ్మ మొగులమ్మ కంటే పదేళ్లు పెద్ద, ఊళ్లో నాట్లకు ముందుండి పాడే మనిషి. హైమావతి కాయితం తీసి, చదివి, సంగతి చెప్పింది. నలుగురైదుగురు ఆడవాళ్లు మూగారు.

"గా పాటనా?" ఆగమ్మ నోట్లో ఆకు ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకుంది. "గది మా అవ్వ పాడేది బిడ్డా. నేను గింత పోరినున్నప్పుడు ఇన్న."

మొగులమ్మ మొదట నవ్వులాటకు అంటోందనుకుంది. "ఏందే ఆగవ్వా, గట్లంటవు? నా పక్కపొంటి నిలబడి నువ్వే అందుకున్నవు గదనే. పటేలు మడిల. నేనే కట్టిన గదా."

"నువ్వు పాడినవు, నేను అందుకున్న. కట్టుడేంది? పాటలు ఎవలన్న కడ్తరా? ఉంటయి."

"పెద్దరాములు పేరున్నది గదా పాటల! మీ అవ్వ పాడంగ ఆయన పుట్టనే లేకపాయె."

"పేరేడున్నది?" అంది ఆగమ్మ. ఆమె మాటలో కపటం లేదు. "ముద్దుల మావా అనే ఉన్నది. గా హోటల్ల రోజు ఇంటలేమా?"

చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. 'పెద్దరాములూ అంటే బాయి పలికెనా' అన్న చరణాన్ని 'ముద్దుల మావా అంటే బాయి పలికెనే' అని మార్చింది బాపిరాజు. పేరుంటే జనానికి ఎక్కదన్నాడు. ఆ సంగతి హైమావతికి తెలుసు. ఆమె కాయితం వంక చూస్తూ కూర్చుంది.

మొగులమ్మకు ఒక్క క్షణం తన మీద తనకే అనుమానం వచ్చింది. ఒకవేళ ఆగవ్వ చెప్పిందే నిజమా? చిన్నప్పుడెప్పుడో ఎవరో పాడగా విని, ఆ దుఃఖంలో తనే కట్టాననుకుందా? మబ్బు, మెరుపు, బాయి, అందరి మాటలేగా అవి? కాని చెప్పులు? గట్టు మీద ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడున్న ఆ చెప్పులు ఆగవ్వ తల్లి ఎక్కడ చూసింది?

"చిన్నరాములుకు ఎరుకే. ఆయన్నడుగుదాం పా అమ్మా," అంది లేస్తూ.

చిన్నరాములు ఆమె మరిది. ఇంటి ముందు గంప అల్లుతున్నాడు. విన్నంతసేపూ చేతిలో పుల్ల ఆపాడు.

"మట్టిల కెల్లి మా అన్నను బయటికి దీసింది నేను. వదినె గా పాట కట్టంగ ఇన్నది నేను. నాకెరుక లేదా?" అన్నాడు. హైమావతి ముఖం వెలిగింది. సంచిలోంచి సిరా డబ్బా తీసింది. దాన్ని చూడగానే అతను చేతులు రెండూ చంకల్లో పెట్టుకున్నాడు.

"ఏలు మాత్రం పెట్ట."

"ఎందుకయ్యా? ఇందులో వేరే ఏమీ లేదు. నేను చదివి వినిపిస్తాను."

"ఆయన గూడ సదివి ఇనిపించిండు. సావుకారి. బియ్యం అప్పుకు అని పెట్టిన ఏలుతోని చెలక భూమి పాయె. అన్న పోయినంక ఉన్నది గదొక్కటే." అతను వదిన వైపు తిరిగాడు. "వదినె, నోటితోని ఏడ జెప్పమన్న జెప్త. కచేరిల నిలబడి జెప్త. కాయితం మీద ఏలు వెట్టమనకు. నీ కాళ్లు మొక్కుత."

"వద్దులే చిన్నోడా," అంది మొగులమ్మ. ఆ రోజు మట్టి తోడి తోడి అతని గోళ్లు ఊడిపోవడం ఆమె చూసింది. ఆ వేళ్లను మళ్లీ పట్టుకుని బలవంతం చెయ్యడానికి మనసొప్పలేదు.

నోటిమాట సరిపోతుందేమో ప్లీడరు గారిని అడుగుతాను, అంది హైమావతి. సరిపోదని ప్లీడరు ముందే చెప్పినట్టు ఆ గొంతులోనే తెలిసిపోయింది. కాయితం నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది.

వాగు దాకా సాగనంపి మొగులమ్మ ఆగింది.

"అమ్మా, పైసలు రాకుంటె పాయె. గా ప్లేటుల ఆయన పేరు పెట్టియ్యిండ్రి. పెద్దరాములు అని. నువ్వే మళ్లొకసారి పాడి."

"నేను పాడితే చాలదు మొగులమ్మా. అది అచ్చయిపోయింది. ఇప్పుడది వాళ్ల సొత్తు," అంది హైమావతి. ఆ మాట అన్నాక అక్కడ నిలబడలేనట్టు, కుచ్చిళ్లు ఎత్తిపట్టుకోవడం కూడా మరచి నీళ్లలోకి దిగింది. అవతలి ఒడ్డెక్కి ఒకసారి చెయ్యి ఊపింది. మొగులమ్మా ఊపింది.

పొద్దు ఇంకా ఉంది. ఇంటికెళ్లి చెయ్యడానికి పెద్దగా పనీ లేదు. వరి మళ్ల గట్ల మీద వానకు గంగవాయిలి కూర ఒత్తుగా లేచి ఉంది. పప్పులో వేస్తే చిన్నరాములుకు ఇష్టం. ఒక గిన్నెడు పంపితే తన మీద కోపం లేదని అతనికి తెలుస్తుంది. వంగి వేళ్లతో సహా పీక్కుంటూ గట్టు వెంబడి నడిచింది. రెండు గుప్పిళ్లయ్యాక ఒక గడ్డిపరకతో కట్ట కట్టింది.

మడిలో కలుపు తీస్తున్న ఆడపిల్లలు పాడుతున్నారు. అదే పాట. డోలకు చప్పుడు కూడా నోటితోనే చేస్తున్నారు.

ముద్దుల మావా అంటే బాయి పలికెనే...

"గట్ల గాదు బిడ్డా," అంది మొగులమ్మ గట్టు మీద నుంచి. "పెద్దరాములూ అంటే."

పిల్లలు తలెత్తి ఒకరి మొహం ఒకరు చూసుకుని కిసుక్కున నవ్వారు. అందులో కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు, మంచి పిల్లే, ముద్దుగానే అంది. "నీకు పాట సరిగ రాదు పెద్దమ్మా. రేడియోల గట్ల లేదు."

మొగులమ్మకు ఎవరి మీదా కోపం రాలేదు. భుజంలోని నొప్పి మెల్లగా రొమ్ములోకి దిగుతోంది. గట్టు మీద తుమ్మచెట్టుకు ఆనుకుని కూర్చుంది. కాళ్లు చాపుకుంది. ముందు వరసలో పిల్లల వీపులు వంగి, లేచి, వంగుతున్నాయి. తడి వరి ఆకుల మీద ఎండ పడి కళ్లు చెదిరాయి.

సరైన పాట ఒక్కసారి, ఎవరి కోసమూ కాకుండా, పాడుకుందామనిపించింది. మెల్లగా ఎత్తుకుంది. మెరుపు వచ్చింది, మబ్బు రాలేదు. చెప్పులున్నాయి, మనిషి రాలేదు. తరవాతి చరణానికి నోరు తెరిస్తే, తన నాలుక మీద నుంచే, "ముద్దుల..." అని వచ్చింది.

గబుక్కున పెదవి కొరుక్కుంది. ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూసింది. ఎవరూ వినలేదు. మళ్లీ మొదలుపెట్టింది. చిన్న పిల్లకు పేరు పలకడం నేర్పుతున్నట్టు, ఒక్కొక్క అక్షరమే తీసింది.

"పెద్ద..."

ఊపిరి అక్కడ ఆగింది. ఆమె ఇంకా కాస్త ఊపిరి కోసం ఎదురు చూస్తున్నట్టే కూర్చుంది. తల పక్కకు వాలింది.

పిల్లలు ఆ మడి ముగించి పక్క మడిలోకి మారారు. పాట రెండుసార్లు మొదటికొచ్చింది. నీళ్లు తాగడానికి గట్టెక్కిన కొత్తకోడలు, "పెద్దమ్మా, నిద్ర వోయినవా?" అని చెయ్యి పట్టుకుని కదిపింది. ఆ తరవాత అందరూ పరుగెత్తుకొచ్చారు. ఎవరో ఊళ్లోకి ఉరికారు. చిన్నరాములు వచ్చి, వదినను రెండు చేతుల మీద ఎత్తుకుని గట్టు దిగి నడిచాడు. ఆడవాళ్లు ఏడుస్తూ వెనకే వెళ్లారు. మడి నిశ్శబ్దంగా అయిపోయింది.

తుమ్మచెట్టు మొదట్లో గంగవాయిలి కూర కట్ట పడి ఉంది. ఆకులు వడలడం మొదలైనా, వేళ్లకంటిన మట్టి ఇంకా తడిగానే ఉంది.